ఏఎఫ్‌పీ రక్తపరీక్ష: బిడ్డది రక్తం, పెద్దవాళ్లది కొలత

పసిపిల్లల జెర్మ్ సెల్ కణితుల (అండంగానో వీర్యకణంగానో మారాల్సిన కణాల నుంచి పుట్టే గడ్డల) వైద్యంలో ఇంత చవగ్గా ఇంత సమాచారం ఇచ్చే పరీక్ష ఇంకోటి లేదు. కాస్త రక్తం చాలు, బిడ్డని పరగడుపున ఉంచక్కర్లేదు. మూడేళ్లలోపు పిల్లల జెర్మ్ సెల్ కణితుల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ రకం యోక్ శాక్ ట్యూమర్. అది తోకఎముక దగ్గరున్నా, వృషణంలో ఉన్నా ఏఎఫ్‌పీని (ఆల్ఫా ఫీటోప్రోటీన్, కడుపులో ఉన్నప్పుడు బిడ్డ కాలేయం ఎక్కువగా తయారుచేసే ప్రోటీన్) రక్తంలోకి వదులుతుంది. పరీక్షకి ఐదుకి నాలుగున్నర ఇవ్వొచ్చు. రిపోర్టు కాగితానికి రెండు కూడా ఎక్కువే.

చాలా ల్యాబులు పక్కన వేసే ‘నార్మల్: 10 లోపు’ పెద్దవాళ్ల కొలత. పుట్టినప్పుడు బిడ్డ రక్తంలో మిల్లీలీటరుకి సగటున సుమారు 48,000 నానోగ్రాములు ఉంటుంది. రెండు నెలలకి 320 దరిదాపుల్లోకి, ఆరు నెలలకి 12కి దిగుతుంది. బిడ్డబిడ్డకీ తేడా చాలా ఎక్కువ; నెలలు నిండకుండా పుడితే అంకె ఇంకా పెద్దది. రెండు నెలల పాపకి 300 వస్తే కాగితం మీద ‘హై’ అని పడుతుంది గానీ ఆ వయసుకి అది మామూలే. అదే 300 రెండేళ్ల పిల్లాడికి వస్తే పిల్లల ఆంకాలజిస్టుని (క్యాన్సర్ డాక్టరుని) వెంటనే కలవాలి.

కౌంటర్లో ‘ట్యూమర్ మార్కర్ ఏఎఫ్‌పీ’ అని స్పష్టంగా చెప్పాలి. గర్భిణులకి చేసే స్క్రీనింగ్ పేరు కూడా ఇలాంటిదే, బుకింగులో తారుమారవుతుంది. కణితి పెద్దగా ఉండి అంకె అనుమానంగా తక్కువ వస్తే శాంపిల్‌ని పలుచన చేసి మళ్లీ చూడమనండి. ఏఎఫ్‌పీ మరీ ఎక్కువైతే మిషన్‌లోని యాంటీబాడీలు చాలక తక్కువ చూపించడం ఉంది. బయోటిన్ (ఒక బి విటమిన్) సిరప్ వాడుతుంటే అదీ చెప్పండి. కొన్ని మిషన్లు దానివల్లా తక్కువ చూపిస్తాయి. యూనిట్లు కూడా చూసుకోవాలి: 1 ఐయూ (ఇంటర్నేషనల్ యూనిట్) అంటే సుమారు 1.21 నానోగ్రాములు. అందుకే మొదటినుంచీ ఒకే ల్యాబు మేలు.

మొదటి శాంపిల్ ఆపరేషన్‌కి ముందే తీయాలి. ఇది తప్పిపోతే తర్వాత వచ్చే అంకెల్ని పోల్చడానికి ఏమీ ఉండదు. కణితి మొత్తం పోతే ఏఎఫ్‌పీ ఐదు నుంచి ఏడు రోజులకోసారి సగమవుతుంది. ముందు 16,000 ఉంటే నాలుగు వారాలకి వెయ్యికో, అంతకన్నా కిందకో రావాలి. 6,000 దగ్గర ఆగిపోతే ఎక్కడో మిగిలిందని అనుమానించాలి. నెలల బిడ్డలో మాత్రం సహజంగా ఉండే ఏఎఫ్‌పీ వయసు పెరిగేకొద్దీ నెమ్మదిగా దిగుతుంది, ఈ లెక్క అక్కడ సరిగ్గా కుదరదు. కీమో మొదలైన తొలి రోజుల్లో కణాలు పగిలి అంకె కాస్త ఎగబాకవచ్చు. ఆ ఒక్క రిపోర్టుతో మందు మార్చరు.

అర మార్కు కోత ఎందుకంటే, జెర్మ్ సెల్ కణితుల్లోనే మెచ్యూర్ టెరటోమా (క్యాన్సర్ కాని రకం), జెర్మినోమా దీనికి దొరకవు. హెపటోబ్లాస్టోమాలోనూ (పిల్లల కాలేయ క్యాన్సర్), కొన్ని కాలేయ జబ్బుల్లోనూ ఏఎఫ్‌పీ పెరుగుతుంది. తోకఎముక టెరటోమా తీసేశాక మూడేళ్ల వయసు వరకూ మూడు నెలలకోసారి ఈ పరీక్షతో పాటు డాక్టరు మలద్వారం గుండా వేలితో చూడటం కూడా ఉండాలి. ఊరి నుంచి రిపోర్టు ఫొటో వాట్సాప్‌లో పంపితే ఆ రెండోది జరగదు.