మట్టి మూకుడు, చెక్క గూడు, నలభై రూపాయల కరివేపాకు మొక్క

పెరట్లోకి పిట్టలనూ సీతాకోకచిలుకలనూ రప్పించాలన్న ఉద్దేశంతో, గత ఏడాది ఫిబ్రవరిలో అనంతపురం శివార్లలోని ఒక నర్సరీలో 120 రూపాయలకు మట్టి మూకుడు, 350 రూపాయలకు పిచ్చుకల కోసమని అమ్ముతున్న చెక్క గూడు, మరికొన్ని మొక్కలు కొన్నాము. ఇటువంటి సరుకు మంచిచెడ్డలు ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిస్తే గాని తేలవు కనుక ఏడాది ఆగి ఈ సమీక్ష రాస్తున్నాను.

మూకుడు పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది. లోపల పూత లేని మట్టిది కావడం వలన నీరు బయటికి చెమరుస్తుంది, ఆ చెమ్మ ఆరుతున్నంతసేపూ లోపలి నీరు చల్లగా ఉంటుంది. మే నెలలో రోజుకు రెండుసార్లు నింపవలసి వచ్చింది గాని, అందుకు నాకు ఫిర్యాదు లేదు. నడుమ నాలుగు అంగుళాల లోతు ఉండడమే దాని లోపం, ఎందుకంటే చిన్న పిట్టలకు కాళ్లు ఆనే చోటు కావాలి. మిగిలిపోయిన కడప బండ ముక్కను అందులో వాలుగా పెట్టిన మరునాటి నుండి బుల్‌బుల్ పిట్టలు స్నానానికి దిగాయి, తేనెటీగలు తడిసిన అంచున వరుసగా వాలి నీరు పీల్చుకున్నాయి. దోమగుడ్డు రెక్కల దోమగా మారడానికి దాదాపు వారం పడుతుంది గనుక, రెండు రోజులకొకసారి నీరు పారబోసి మూకుడును పీచుతో రుద్దితే ఆ బెడద ఉండదు.

చెక్క గూడును మాత్రం నేను ఎవరికీ సిఫారసు చేయను. పిచ్చుక గూటికి రంధ్రం 32 మిల్లీమీటర్లు ఉంటే చాలు. దీనికి టేపు పెట్టి కొలిస్తే 50 వచ్చింది. అంత రంధ్రంలో గోరింక కూడా దూరగలదు. రంధ్రం కింద అందానికి బిగించిన పుల్ల పిచ్చుకకు అక్కరలేదు, గుడ్ల కోసం వచ్చే కాకికి మాత్రం ఆసరా అవుతుంది. పైకప్పు ముందుకు చాచి లేనందున సెప్టెంబరు వానలకు ప్లైవుడ్ ఉబ్బి పొరలు విడిపోయింది. పిచ్చుక ఒక్కటీ రాలేదు.

మొక్కల విషయంలో నర్సరీ వారు ముందుగా చూపించినవి క్రోటన్లు, పామ్‌లు, ముద్దమందారాలు. అడిగితేనే మూల నుండి రేకమందారం తీసి ఇచ్చారు. రేకలు ఒత్తుగా ముడుచుకున్న ముద్దమందారం కంటే ఇదే తేనెపిట్టకు అనువైనదని మా పెరట్లో తేలింది: ఆ పిట్ట పువ్వు ముందుకు రాకుండా, కాడ దగ్గర పక్క నుండి ముక్కు గుచ్చి తేనె తాగి పోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చినది నలభై రూపాయల కరివేపాకు మొక్క, మొదట నన్ను బాధపెట్టినదీ అదే. నిమ్మజాతికి చెందిన ఈ మొక్క మీద కొన్ని నల్లని సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. మార్చిలో గుడ్ల నుండి బయటికి వచ్చిన అయిదారు గొంగళిపురుగులు మూడు రోజులలో ఎండి రాలిపోయాయి. నర్సరీలో కొట్టిన పురుగుమందు ఆకులలో మిగిలి ఉంటుందని నా అనుమానం. వెళ్లి అడిగితే, “పురుగు పడితే మందు కొట్టుకోండి సార్, ఆకు మళ్లీ వస్తుంది” అన్నారు. పురుగు కోసమే మొక్క కొన్నానని చెబితే ఆయన నవ్వారే తప్ప, మందు కొట్టని మొక్క ఉందో లేదో చెప్పలేదు. ఈ ఒక్క కారణంతో ఆ నర్సరీకి నేను మంచి మార్కులు వేయలేను.

పాత ఆకులు రాలి కొత్త చిగుళ్లు వచ్చాక, ఆగస్టులో మళ్లీ గుడ్లు కనిపించాయి. చిన్నతనంలో పిట్టరెట్టలా కనిపించే ఆ పురుగు పెద్దదై పచ్చబడుతుంది. పుల్లతో తాకితే తల వెనుక నుండి ఎర్రని రెండు కొమ్ములు చాచి ఘాటైన వాసన వదులుతుంది. ఒకటి కాడకు పట్టుదారంతో నడుము కట్టుకుని ప్యూపాగా మారి, తొమ్మిదో రోజు ఉదయం రెక్కలు ఆరబెట్టుకుంటూ కనిపించింది. ఆ వారం మా ఇంట్లో పులుసుకు కరివేపాకు బజారు నుండే వచ్చింది.

మళ్లీ కొనవలసి వస్తే మూకుడు, రేకమందారం అక్కడే తీసుకుంటాను. కరివేపాకు మాత్రం ఎవరి పెరట్లోనైనా చెట్టు మొదట లేచిన పిలకను తవ్వి తెచ్చుకుంటే ఖర్చూ లేదు, మందు భయమూ లేదు. చెక్క గూడును తీసివేద్దామని డిసెంబరులో నిచ్చెన వేస్తే, లోపల కొబ్బరిపీచు, పాత గుడ్డపీలికలు కుక్కుకుని ఉడుత పిల్లలు పెట్టి ఉంది. కప్పు మీద రేకుముక్క ఒకటి కొట్టి దిగాను.