718 బాక్స్‌టర్: కొన్నాక ఒక్కొక్కటిగా బయటపడ్డ సంగతులు

ఈ కారు ఎంత వేగంగా పోతుందో, సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు పడుతుందో ఎవరైనా చెప్తారు. నేను రాయాలనుకున్నది అది కాదు. పోర్షే 718 బాక్స్‌టర్ అనే ఈ రెండు సీట్ల, కప్పు తెరుచుకునే స్పోర్ట్స్ కారులో యజమానికి నిజంగా పనికొచ్చే సంగతులు చాలావరకు కొన్న రోజు కంటికి ఆనవు. కొన్ని మెనూల అడుగున ఉంటాయి, కొన్ని ప్యానెళ్ల వెనక ఉంటాయి, కొన్నింటికి అసలు బటనే ఉండదు. టెస్ట్ డ్రైవ్‌లో వాటిని ఎవరూ చూపించరు. చెన్నైలో, సముద్రానికి దగ్గర్లో తిరువాన్మియూరులో ఉంటూ కొన్నేళ్లు ఈ బండి నడిపాక, వీటిలో చాలావాటికి ఇంజిన్ పవర్ కన్నా ఎక్కువ విలువ ఇస్తున్నాను.

నాది సెకండ్ హ్యాండ్ బండి. 2 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో ఇంజిన్, 300 పీఎస్ పవర్, 380 న్యూటన్ మీటర్ల టార్క్, ఏడు గేర్ల పీడీకే ఆటోమేటిక్, స్టీరింగ్ మీద డ్రైవింగ్ మోడ్‌ల మీటతో వచ్చే స్పోర్ట్ క్రోనో ప్యాకేజీ. ఇంజిన్ సీట్ల వెనక, వెనక చక్రాలకు ముందు ఉంటుంది. దాన్ని చూడాలంటే తెరిచే మూత ఉండదు. ఆయిల్, కూలెంట్ పోసే మూతలు వెనక డిక్కీలో ఉంటాయి. ఆయిల్ మట్టం చూడటానికి డిప్‌స్టిక్ లేదు, మీటర్ పక్కనున్న తెరలోనే చూసుకోవాలి. కొత్తగా కొన్నవాళ్లకు ముందు టెన్షన్ పెట్టేది ఇదే, కానీ త్వరగానే అలవాటైపోతుంది.

ఇక మొదట చెప్పాల్సింది స్పోర్ట్ రెస్పాన్స్ బటన్ గురించి. స్టీరింగ్ మీద, కుడిచేతి బొటనవేలికి కాస్త కింద, డ్రైవింగ్ మోడ్ మార్చే చిన్న గుండ్రటి మీట ఉంటుంది. దాన్ని తిప్పడం అందరికీ తెలుసు. దాని నడిమధ్యన నొక్కితే ఏమవుతుందో చాలామందికి తెలియదు. 20 సెకన్లపాటు ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ పూర్తి సన్నద్ధంలోకి వస్తాయి. గేరు కిందికి పడుతుంది, టర్బో సిద్ధంగా ఉంటుంది, ఎదురుగా తెర మీద సెకన్లు తగ్గుతూ కనిపిస్తాయి. గడువు తీరగానే బండి మళ్లీ మామూలు స్థితికి వస్తుంది. అవసరం ముందే తీరిపోతే ఇంకోసారి నొక్కి ఆపేయొచ్చు.

ఇది రేస్ ట్రాక్ కోసం పెట్టిన ఆటబొమ్మ అని మొదట్లో అనుకునేవాణ్ని. నెల్లూరు వెళ్లే దారిలో దాని అసలు ఉపయోగం తెలిసింది. తడ దాటాక బంకులో పెట్రోలు పోయించుకుని మళ్లీ హైవే ఎక్కేటప్పుడు, వెనక నుంచి లారీలు వరసగా వస్తుంటాయి. మధ్యలో దొరికే ఖాళీ చిన్నది. నార్మల్ మోడ్‌లో యాక్సిలరేటర్ నొక్కితే గేరు మారి టర్బో అందుకునే లోపు ఒక్క క్షణం ఆలస్యం ఉంటుంది. ఆ క్షణమే గుండె గుభేల్మనిపిస్తుంది. ముందే ఆ బటన్ నొక్కి ఉంచితే కాలు ఆన్చగానే బండి కదులుతుంది. నా దృష్టిలో ఇది భద్రతకు సంబంధించిన ఫీచర్.

దీంతో పోలిస్తే లాంచ్ కంట్రోల్ గురించి చెప్పాల్సింది తక్కువే. స్పోర్ట్ ప్లస్‌లో పెట్టి, ఎడమ కాలితో బ్రేకు గట్టిగా తొక్కి, కుడి కాలితో యాక్సిలరేటర్ నేలకు అదిమితే తెర మీద సందేశం వస్తుంది, బ్రేకు వదిలితే బండి దూసుకుపోతుంది. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.717 కిలోమీటర్ల ట్రాక్ ఉంది, ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. చేస్తే అక్కడ చేయాలి. రోడ్డు మీద చేసే పని కాదు.

హైవేలో నాకు బాగా నచ్చిన ఇంకో గుణానికి బటనే లేదు. సాఫీగా వెళ్తూ యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లగా తీస్తే, పీడీకే క్లచ్చిని విడదీసి ఇంజిన్‌ని ఐడ్లింగ్‌లో ఉంచుతుంది. టాకోమీటర్ ముల్లు కిందికి జారుతుంది, బండి తన ఊపులో తాను సాగిపోతుంది, ఆ మేరకు పెట్రోలు మిగులుతుంది. బ్రేకు తాకినా, స్టీరింగ్ వెనక గేర్లు మార్చే ప్యాడిల్ లాగినా ఇంజిన్ తిరిగి కలుస్తుంది. ఇక్కడ చెన్నైవాళ్లు గమనించాల్సిన మెలిక ఒకటుంది. ఆటో స్టార్ట్ స్టాప్ ఆపేస్తే ఈ సౌకర్యం కూడా ఆగిపోతుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగితే ఏసీ చల్లదనం తగ్గుతుందని మే నెల ఎండల్లో ఇక్కడ అందరూ బండెక్కగానే ఆ బటన్ ఆఫ్ చేస్తారు. సిటీలో అది సరైన పనే. హైవే ఎక్కాక మళ్లీ ఆన్ చేయమని మాత్రం ఎవరూ చెప్పరు. నేను మాధవరం దాటగానే ఆన్ చేస్తాను.

సామాను విషయం. ముందు 150 లీటర్ల డిక్కీ, వెనక ఇంకొకటి. స్పోర్ట్స్ కారులో ఇంత చోటు ఉంటుందని మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ముందు డిక్కీ బావిలా లోతుగా ఉంటుంది, విమానంలో చేతిలో పట్టుకెళ్లే పెట్టె నిలువుగా దిగిపోతుంది. వెనకది వెడల్పు, లోతు తక్కువ. అయితే రెండూ ఒకటి కాదు. వెనక డిక్కీకి ఆనుకునే ఇంజిన్ ఉంది కాబట్టి ప్రయాణమంతా అక్కడ వేడి తగులుతూనే ఉంటుంది. నెల్లూరు నుంచి తెచ్చే మలైకాజా, పూలు, పెరుగు, మందులు ఏవైనా ముందు డిక్కీలోనే పెట్టాలి. బట్టలు, చెప్పులు, ఆవకాయ జాడీ వెనక పెట్టొచ్చు. ఇది తెలిశాక మా ఆవిడ సామాను సర్దే పద్ధతే మారిపోయింది.

కాఫీ, నీళ్లు పెట్టుకునే కప్ హోల్డర్లు లేవని చాలామంది అనుకుంటారు. ఉన్నాయి. గ్లోవ్ బాక్సు పైన ఉన్న పొడుగాటి పట్టీ తెరిస్తే దాని వెనక నుంచి రెండు బయటికి వస్తాయి. నీళ్ల సీసాకు, మూత ఉన్న గ్లాసుకు పనికొస్తాయి. కోవలం దారిలో కొన్న ఫిల్టర్ కాఫీ మూత లేకుండా అక్కడ పెట్టమని మాత్రం చెప్పను.

పైకప్పు దగ్గరకొద్దాం. గంటకు 50 కిలోమీటర్ల లోపు వేగంలో నడుస్తుండగానే కప్పు తెరవొచ్చు, మూయొచ్చు. పని పూర్తయ్యేదాకా స్విచ్చి పట్టుకునే ఉండాలి. చెన్నైలో దీని విలువ వాన చినుకు మొదలైనప్పుడు తెలుస్తుంది, బండి పక్కకు ఆపాల్సిన పనిలేదు. డిసెంబర్, జనవరి తెల్లవారుజామున ఈసీఆర్ (సముద్రం పక్కన పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద కప్పు తీసి వెళ్తుంటే ఒకవైపు ఉప్పుగాలి, వీపు వెనక ఇంజిన్ మోత. ఈ నాలుగు సిలిండర్ల శబ్దం గురించి పాత బాక్స్‌టర్లలోని ఆరు సిలిండర్ల ఇంజిన్ అభిమానులు చేసే ఫిర్యాదులో నిజముంది. కప్పు వేసి ఉన్నప్పుడు గొంతు కాస్త బొంగురే. కప్పు తీస్తే మాత్రం నాకు కొరత అనిపించలేదు.

కప్పు సగం తెరిచి ఆపి చూస్తే, రెండు పక్కలా నీళ్లు దిగిపోయే కాలువలు కనిపిస్తాయి. కప్పు మీద పడ్డ వాన వాటిలోంచి వెనక చక్రాల ముందు నుంచి కిందికి పోతుంది. మా అపార్టుమెంటులో వేపచెట్టు కింద బండి ఉంటుంది. ఆ సన్నటి ఆకులు, పూత అక్కడే చేరి ముద్దవుతాయి. దారి మూసుకుంటే నీళ్లు లోపలికి దిగుతాయి. పాత తరం బాక్స్‌టర్లలో సీటు కింది కంట్రోల్ యూనిట్ తడిసి లాకులు, అలారం పాడవడం బాగా తెలిసిన జబ్బే. అందుకే ఈశాన్య రుతుపవనాలు మొదలవకముందే ఆకులు చేత్తో తీసి, గ్లాసు నీళ్లు మెల్లగా పోసి, కింద ధార పడుతోందో లేదో చూస్తాను. ముందు బంపర్ పక్కల ఉన్న గాలి దారుల్లోనూ ఇదే తంతు. రేడియేటర్లు అక్కడే ఉంటాయి, రోడ్డు మీది ఆకులు, కాగితాలు పోయి ఇరుక్కుంటాయి. ఏసీ చల్లదనం తగ్గిందనిపిస్తే గ్యాస్ నింపించే ముందు అక్కడ టార్చి వేసి చూడండి.

అన్నిటికన్నా దాక్కుని ఉన్న ఏర్పాటు బయటపడింది 2023 డిసెంబరులో, మిచౌంగ్ తుఫాను తర్వాత. ఆ వానలకు వేళచ్చేరి వాళ్లు ఫ్లైఓవర్ మీద కార్లు వరసగా నిలబెట్టుకున్నారు. నేను మా బావమరిది వాళ్ల అపార్టుమెంటు ఎత్తులో ఉందని అక్కడ పెట్టి ఊరెళ్లాను. తిరిగొచ్చేసరికి బ్యాటరీ పూర్తిగా పడిపోయింది. తాళంచెవి నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. చెవి లోపలుండే లోహపు చెవితో తలుపు తీశాం. బావమరిది జంపర్ కేబుళ్లు తెచ్చాడు.

“బ్యాటరీ ఎక్కడుంది బావా?” అన్నాడు.

“ముందు డిక్కీలో, బానెట్ లోపల.”

“మరి బానెట్ తెరవండి.”

“అది కరెంటుతోనే తెరుచుకుంటుంది.”

ఇద్దరం మాన్యువల్ తీసి చదివాం. కాళ్ల దగ్గర పక్క ప్యానెల్ వెనక ఫ్యూజు బాక్సు ఉంది. అందులోంచి బయటికి లాగేలా ఒక పాజిటివ్ టెర్మినల్ పెట్టారు. జంపర్ ఎర్ర క్లిప్పు దానికి, నల్లది తలుపు గొళ్లెం పడే లోహపు కొక్కేనికి. నల్ల క్లిప్పు తగలగానే అలారం మోగింది, వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. కంగారు పడక్కర్లేదు, అలా మోగుతుందని మాన్యువల్లోనే ఉంది. తాళంచెవి మీద ముందు డిక్కీ బటన్ కాసేపు నొక్కిపట్టుకుంటే అలారం ఆగి, టక్కుమని బానెట్ తెరుచుకుంది. ఈ దారి బానెట్ తెరవడానికి మాత్రమే. బండి స్టార్ట్ చేయడానికి కేబుళ్లు మళ్లీ అసలు బ్యాటరీకే తగిలించాలి.

ఇందులో ఇంకో జాగ్రత్త ఉంది. ఈ కారు తలుపులకు అద్దం చుట్టూ ఫ్రేమ్ లేదు. తలుపు తీసిన ప్రతిసారీ అద్దం కొద్దిగా కిందికి దిగి, మూశాక పైకెక్కి రబ్బరులో కూర్చుంటుంది. కరెంటు లేనప్పుడు అది దిగదు కాబట్టి తలుపు ధడేలున మూయకూడదు. బ్యాటరీ తిరిగి ప్రాణం పోసుకున్నాక, ఒక్క నొక్కుతో అద్దం పైకి రావడం మానేసిందా? పూర్తిగా పైకెత్తి స్విచ్చిని మరోసారి కొద్దిసేపు పైకి లాగి పట్టుకుంటే దాని హద్దులు అది గుర్తు తెచ్చుకుంటుంది. ఇప్పుడు ఊరెళ్లేటప్పుడు లోపలి 12 వోల్టుల సాకెట్‌కు చిన్న ఛార్జరు తగిలించి వెళ్తున్నాను. వారాల తరబడి నిలిపి ఉంచే బండికి ఇది తప్పనిసరి.

టైరు గాలి సంగతి కూడా చెప్పాలి. తెరలో మామూలుగా కనిపించే అంకె కాకుండా, బండి ఆగి ఉన్నప్పుడు ఏ టైరులో ఎంత తక్కువ, ఎంత ఎక్కువ అని తేడా మాత్రమే చూపించే పేజీ ఒకటుంది. టైరు వేడిని లెక్కలోకి తీసుకుని మరీ ఆ తేడా చెప్తుంది. చెన్నై ఎండలో కాలిన రోడ్డు మీద వచ్చాక బంకులో గాలి చూపిస్తే అంకె ఎక్కువ వస్తుంది, కుర్రాడు గాలి తీసేస్తానంటాడు. నేను ఆ పేజీ చూసి “వద్దు తమ్ముడూ” అంటాను. స్టెప్నీ లేని బండి ఇది, ముందు డిక్కీలో సీలెంటు, కంప్రెసరు మాత్రమే ఉంటాయి. అందుకని గాలి విషయంలో ఊహలకు చోటివ్వను.

వెనక స్పాయిలర్ 120 దాటితే తనంతట తానే లేస్తుంది. ఈసీఆర్ మీద ఆ అవసరం రాదు, రాకూడదు కూడా. కానీ దాన్ని బటన్‌తో ఎప్పుడైనా లేపొచ్చు. కడిగేటప్పుడు లేపి చూడండి, దాని కింద సందులో ఇసుక, ఉప్పు, ఆకులు ఎంత పేరుకుంటాయో తెలుస్తుంది.

లోపాలు లేవనను. స్పీడ్ బ్రేకర్ల దగ్గర ప్రతిసారీ ఊపిరి బిగపట్టాల్సిందే. మా వీధిలో కార్పొరేషన్ తవ్విన ప్రతిచోటా బండి పొట్ట కింద గీసుకుంటుందేమోనన్న బెంగ. విడిభాగాల ధరలు జేబును గట్టిగానే తాకుతాయి. ఇంత ఖరీదైన బండి చేతిలో పెట్టేటప్పుడు ఈ విషయాలన్నీ ఒక పూట కూర్చోబెట్టి చూపించే పద్ధతి లేకపోవడం నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపిస్తుంది. బానెట్ సంగతి తెలియక అర్ధరాత్రి రోడ్డు మీద నిలబడే వాళ్ల పరిస్థితి ఊహించండి.

సెకండ్ హ్యాండ్‌లో 718 చూస్తున్నవాళ్లు స్పోర్ట్ క్రోనో ఉందో లేదో ముందు చూసుకోండి. స్టీరింగ్ మీద ఆ గుండ్రటి మీట లేకపోతే స్పోర్ట్ రెస్పాన్స్ లేనట్టే, తర్వాత పెట్టించుకోవడం తేలిక కాదు. కప్పు పూర్తిగా తెరిచి మూయించి, సగంలో ఆపి కాలువలు చూడండి. సీట్ల కింద కార్పెట్ తడిగా ఉందేమో చేత్తో తాకి చూడండి. చక్రాలు దొంగలు విప్పకుండా పెట్టే లాక్ బోల్టులు ఉంటే వాటిని విప్పే అడాప్టర్ టూల్ కిట్‌లో ఉందా, రెండు తాళంచెవులూ పనిచేస్తున్నాయా అడగండి. మాన్యువల్ పుస్తకం లేకుండా మాత్రం డబ్బు ముట్టజెప్పకండి.