ఫోకస్‌మేట్: ఇంట్లో ఒక్కళ్ళే కూర్చుని పనిచేసేవాళ్ళకి బాగానే పనికొస్తుంది

వర్క్ ఫ్రమ్ హోమ్ మొదట్లో హాయిగానే ఉంటుంది, ట్రాఫిక్ గోల లేదు, లుంగీ మీదే మీటింగులు, కానీ పోనుపోను పొద్దుటినుంచి నోరు విప్పి మాట్లాడింది డెలివరీ అబ్బాయితో మాత్రమే అని సాయంత్రానికి గుర్తొచ్చి అదోలా అయిపోతుంది చూడండి, అలాంటివాళ్ళు ఫోకస్‌మేట్ అనే ఈ వెబ్‌సైట్ ట్రై చెయ్యొచ్చు. 25, 50, 75 నిమిషాల్లో ఏదో ఒక స్లాట్ బుక్ చేసుకుంటే ముక్కూమొహం తెలీని మనిషితో వీడియో కాల్ కలుపుతుంది, ఇద్దరూ ఏం పని చేయబోతున్నారో చెప్పుకుని మ్యూట్ పెట్టేసి ఎవరి పని వాళ్ళు, చివర్లో ఎంతవరకు అయిందో చెప్పుకోడం, అంతే. మొన్న ఒకావిడ బట్టలు మడతపెడతా అని చెప్పి నిజంగానే మంచం మీద గుట్టంతా ఖాళీ చేసేసింది, ఈలోపు నా ఎక్సెల్ షీట్ కూడా అయిపోయింది. ఎదురుగా మనిషి ఉంటే ఫోన్ ముట్టుకోబుద్ధి కాదు మరి.

వారానికి 3 సెషన్లు ఫ్రీ, ఆపైన కావాలంటే డబ్బులు కట్టాలి. నన్నడిగితే ముందు ఫ్రీది చాలు. అయితే కబుర్లకి మాత్రం ఇది కాదండోయ్, ఆ లోటు తీరాలంటే కిందకి దిగి చాయ్ కొట్టుకి పోవాల్సిందే. స్లాట్ మాత్రం పొద్దున్నే పెట్టుకోండి, కనీసం స్నానమైనా టైముకి అవుద్ది.