ప్రాజెక్ట్ జాంబాయిడ్ రివ్యూ: జాంబీ నడవాలా, పరిగెత్తాలా?

1968లో జార్జ్ రొమేరో తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమాలో శవాలు కాళ్లీడ్చుకుంటూ వచ్చాయి. 2002లో డానీ బాయిల్ సినిమాలో వైరస్ సోకినవాళ్లు అరుస్తూ పరిగెత్తుకొచ్చారు. అప్పట్నుంచి హారర్ అభిమానుల్లో ఒకటే పంచాయితీ: నెమ్మది జాంబీ భయపెడుతుందా, పరిగెత్తే జాంబీనా? మాటలతో తేలే విషయం కాదిది. రెంటినీ ఒకే ఊళ్లో, ఒకే ఆయుధం చేతికిచ్చి, ఒకే మనిషి మీదికి వదిలి చూడాలి. ఆ వీలున్న గేమ్ ప్రాజెక్ట్ జాంబాయిడ్. ది ఇండీ స్టోన్ సంస్థ తయారుచేసిన ఈ గేమ్ 2013 నవంబర్ నుంచి స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణంలో ఎర్లీ యాక్సెస్‌లో, అంటే తయారీ పూర్తికాకముందే, దొరుకుతోంది. ఈ రివ్యూ 2021 డిసెంబర్‌లో వచ్చిన బిల్డ్ 41 అనే వెర్షన్ గురించి.

కథాకాలం 1993 జూలై, స్థలం అమెరికాలోని కెంటకీ రాష్ట్రం. పై నుంచి ఏటవాలుగా కనిపించే మ్యాప్, ఒంటరి మనిషి, చుట్టూ వేల జాంబీలు. నువ్వు ఎలా చచ్చావో చెప్పే కథ ఇది అని మొదట్లోనే తేల్చి చెప్పేస్తుంది. గెలుపు లేదు, ఎన్నాళ్లు బతికామన్నదే లెక్క.

ఆట నియమాలు మనమే మార్చుకునే శాండ్‌బాక్స్ మోడ్‌లో, జాంబీల తీరు నిర్ణయించే జాంబీ లోర్ పేజీ తెరిస్తే స్పీడ్ దగ్గర నాలుగు రకాలు కనిపిస్తాయి: స్ప్రింటర్స్ (పరిగెత్తేవి), ఫాస్ట్ షాంబ్లర్స్ (కాస్త వేగంగా నడిచేవి), షాంబ్లర్స్ (కాళ్లీడ్చేవి), రాండమ్ (కలగలుపు). మామూలుగా ఉండేది ఫాస్ట్ షాంబ్లర్స్. పేరులో ఫాస్ట్ ఉన్నా అవి నడిచేవే. మామూలు నడకతోనే వాటికి దూరంగా వెళ్లిపోవచ్చు. కొత్తవాళ్లు ఇక్కడే పొరపడతారు. జాంబీ కనపడగానే షిఫ్ట్ నొక్కి పరుగందుకుంటారు. పరిగెత్తితే ఆయాసం, ఆయాసంతో దెబ్బలో బలం తగ్గుదల. రెండు దెబ్బలకు పడాల్సిన జాంబీకి ఐదు దెబ్బలు పడతాయి, ఈలోపు వెనకది వచ్చేస్తుంది. నెమ్మది జాంబీలున్న గేమ్‌లో చావుకు కారణం వెతికితే చాలాసార్లు ఇదే: అనవసరపు పరుగు.

ఒక్క నెమ్మది జాంబీ అసలు ప్రమాదమే కాదు. స్పేస్ నొక్కి తోస్తే పడిపోతుంది, తల మీద తొక్కితే పని అయిపోతుంది. ప్రమాదమంతా సంఖ్యలోనూ, శబ్దంలోనూ ఉంది. అద్దం పగిలినా, ఇంటి అలారం మోగినా, తుపాకీ ఒక్కసారి పేలినా వీధి మొత్తం ఇటే కదులుతుంది. మూడు నాలుగు చుట్టుముట్టాయంటే కింద పడేసి పీక్కుతింటాయి, ఆరోగ్యం ఎంత బాగున్నా లాభం లేదు. మామూలు సెట్టింగుల్లో ఆరో రోజుకీ తొమ్మిదో రోజుకీ మధ్య ఒక హెలికాప్టర్ వస్తుంది. అది మీ నెత్తి మీదే తిరుగుతూ చుట్టుపక్కల గుంపులన్నింటినీ మీ దగ్గరికి పోగుచేస్తుంది. అవి ఆ రోజంతా నెమ్మదిగా వస్తూనే ఉంటాయి. వస్తున్నాయని తెలుసు, ఏం చెయ్యాలో ఆలోచించుకునే టైమూ ఉంది, అయినా గుండె దడ ఆగదు. నెమ్మది జాంబీ బలమంతా ఇందులోనే ఉందని నా అభిప్రాయం.

పోరాటం ఎలా ఉంటుందో తెలియాలంటే నడుము ఎత్తు కంచె దగ్గర చూడాలి. కంచెకు ఇవతల కాస్త జరిగి నిలబడితే, జాంబీ ఎక్కి దాటుతూ ఇటువైపు బోర్లా పడుతుంది. లేచేలోపు తల మీద రెండు దెబ్బలు. కంచెకు మరీ ఆనుకుని నిలబడితే మాత్రం పడటం మానేసి నేరుగా మీద పడే అవకాశం ఉంది, అందుకే ఆ దూరం ముఖ్యం. ఆయుధం క్రోబార్ (ఇనుప గునపం) అయితే మేలు, ఒక పట్టాన విరగదు. ఆయాసం గుర్తు కనపడగానే నడుచుకుంటూ వెనక్కి వెళ్లి, ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టాలి. ఇలా ఓపికపడితే ఇరవై ముప్పై జాంబీల గుంపును ఒక్కరే తీసెయ్యవచ్చు, ఎందుకంటే మనం నడిచేకొద్దీ ఆ గుంపు వరసగా సాగిపోతుంది.

ఇప్పుడు స్పీడ్ స్ప్రింటర్స్‌కి మార్చండి, మిగతావేవీ ముట్టుకోకండి. మొదటి వీధిలోనే చస్తారు. కారణం భయపడటం కాదు, వరస లేకపోవడం. నెమ్మదివి ఒకదాని వెనక ఒకటి వస్తాయి, ఇవి ముద్దగా ఒక్కసారే వచ్చి పడతాయి. ఒకదాన్ని తోసేలోపు ఇంకోటి చెయ్యి పట్టుకుంటుంది. ఊపిరి తీసుకునే చోటు ఉండదు. అవి లోపలికి రాకుండా కిటికీ మూసేద్దామంటే, కిటికీకి గరిష్ఠంగా నాలుగు పలకలు, పలకకు రెండు మేకులు, అంటే ఎనిమిది మేకులు కొట్టాలి. పలకలు, మేకులు, సుత్తి పోగు చేసేలోపే మీరు కనపడిపోతారు. పాములా పాకుతూ, కర్టెన్లు మూసుకుని, రాత్రిళ్లు దీపం ఆర్పుకుని బతకడమే మిగులుతుంది. కొన్ని గంటలు ఉత్కంఠగానే ఉంటుంది, కానీ గేమ్‌లో సగం పనులు అక్కరకు రాకుండా పోతాయి.

అసలు చిక్కు కాటు దగ్గర ఉంది. మామూలు లెక్కలో గీరుకుంటే 7 శాతం, చర్మం చీరితే 25 శాతం, కరిస్తే 100 శాతం ఇన్‌ఫెక్షన్. సోకాక రెండు మూడు రోజుల్లో చావు, మందు లేదు. నెమ్మది జాంబీ కరిచిందంటే దాదాపు ఎప్పుడూ మన తప్పే, కాబట్టి ఆ కఠినత్వం న్యాయంగా అనిపిస్తుంది. మూల తిరగ్గానే ఎదురొచ్చిన స్ప్రింటర్ కరిస్తే అందులో మన తప్పేముంది? వేగమూ, తిరుగులేని కాటూ రెండూ ఒకేచోట పొసగవు. 2009లో వాల్వ్ తెచ్చిన లెఫ్ట్ ఫర్ డెడ్ 2 ఈ సంగతి బాగా అర్థం చేసుకుంది. అందులో గుంపులన్నీ పరిగెత్తేవే, కానీ దెబ్బ తగిలితే ఆరోగ్యం కాస్త తగ్గుతుంది, అంతే. తోడు ముగ్గురుంటారు, చేతిలో తుపాకులుంటాయి, దారి చివర సేఫ్ రూమ్ ఉంటుంది. పరిగెత్తే జాంబీలే కావాలంటే అదే కొనండి.

జాంబాయిడ్‌లోనే స్ప్రింటర్స్ కావాలంటే కొన్ని మార్చాలి. జాంబీల సంఖ్యను నిర్ణయించే పాపులేషన్ మల్టిప్లయర్ 1.0 నుంచి 0.2 దగ్గరికి దించండి. రెస్పాన్ అవర్స్ సున్నా చేస్తే చంపినవి మళ్లీ పుట్టవు. ఇన్‌ఫెక్షన్ ఎలా సోకాలో చెప్పే ట్రాన్స్‌మిషన్‌ను సలైవా ఓన్లీ (లాలాజలంతో మాత్రమే) చేస్తే గీతలకు చావు ఉండదు, కాటుకే ఉంటుంది. టఫ్‌నెస్ ఫ్రాజైల్ (సులువుగా చచ్చేలా), సైట్ పూర్ (చూపు మందంగా) పెట్టండి. మొదలుపెట్టే ఊరుగా రోజ్‌వుడ్ మంచిది, అక్కడి ఫైర్ స్టేషన్‌లో గొడ్డళ్లు దొరుకుతాయి. పెద్ద నగరమైన లూయీవిల్ వైపు పోవద్దు. వీటన్నిటికన్నా నాకు నచ్చింది రాత్రిపూట మాత్రమే చురుగ్గా ఉండే సెట్టింగు. పగలు జాంబీలు మందకొడిగా తిరుగుతాయి, పెద్దగా వెంటపడవు. చీకటి పడగానే పరుగు. పగలంతా తిండి, పలకలు, మేకులు తెచ్చుకోవడం, సాయంత్రానికల్లా మేడ ఎక్కడం. రెండు రకాల భయమూ ఒకే ఆటలో దొరుకుతుంది, పొద్దు వాలడం చూస్తేనే చెమట పడుతుంది.

రాండమ్ మాత్రం నిరాశపరిచింది. ఏది పరిగెత్తుతుందో ముందు తెలియదు, బావుంది. కానీ పరిగెత్తేవి ఎన్ని ఉండాలో చెప్పే వీలు బిల్డ్ 41లో లేదు. ఆటగాళ్లు తయారుచేసిన మార్పులు (మాడ్‌లు) దొరికే స్టీమ్ వర్క్‌షాప్‌లో రాండమ్ జాంబీస్ అనే మాడ్ ఆ శాతాలు మన చేతికిస్తుంది. నూటికి రెండు మూడు స్ప్రింటర్లు పెడితే చాలు, ప్రతి గుంపునూ ఆగి చూసి అడుగేస్తారు.

కొనేముందు తెలుసుకోవాల్సినవి కొన్ని. 8 జీబీ ర్యామ్ ఉండాలి. పెద్ద గుంపుల దగ్గర పాత ల్యాప్‌టాప్‌లు నత్తనడకే. మెనూలు గజిబిజిగా ఉంటాయి, నేర్పే ట్యుటోరియల్ సరిపోదు. 2024 డిసెంబర్‌లో అన్‌స్టేబుల్‌గా, అంటే పరీక్షల దశలో, వచ్చిన బిల్డ్ 42లో ఆయుధం తిప్పేకొద్దీ కండరాలు పట్టేస్తాయి, కాబట్టి పైన చెప్పిన కంచె ఉపాయానికి అక్కడ మధ్యమధ్యలో ఎక్కువ విశ్రాంతి కావాలి. మొదటిసారి ఆడేవాళ్లు బిల్డ్ 41లో ఫాస్ట్ షాంబ్లర్స్‌తోనే మొదలుపెట్టండి. ఒక నెల, అంటే గేమ్ లోపలి నెల, బతికి బయటపడ్డాక స్పీడ్ సెట్టింగు ముట్టుకోండి.