గేమింగ్ డెస్క్ కొంటున్నారా? ముందు వైరు రంధ్రం దగ్గర బోర్డు మందం కొలవండి

పార్టులన్నీ విడిగా కొని పెద్ద పీసీ అసెంబుల్ చేసుకుని, దానికి తగ్గ బల్ల కోసం వెతుకుతున్నవాళ్ళు ఇది చదివాకే డబ్బు కట్టండి. మానిటర్‌ను ఆర్మ్ (బల్ల అంచుకి క్లాంప్ అనే బిగింపు పట్టుతో తగిలించే మడత చెయ్యి) మీద పెట్టాలనుకునేవాళ్ళయితే మరీను. నేను తెప్పించుకున్న గేమింగ్ డెస్క్ వెనక అంచు క్లాంప్ దగ్గర నలిగి విరిగింది. మానిటర్ ముందుకు ఒరిగి కీబోర్డు మీద ఆగింది కాబట్టి సరిపోయింది, పక్కకి పడి ఉంటే పీసీ క్యాబినెట్ గాజు కూడా పోయేది. అమ్మినవాళ్ళని అడిగితే "బిగించేశారు కదా సార్, ఇక రిటర్న్ కుదరదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

మోసమంతా మందంలోనే ఉంది. వివరాల్లో పైబోర్డు 25 మిల్లీమీటర్లు అని రాశారు, ముందు అంచు దగ్గర టేపు పెడితే 25 వస్తుంది కూడా. కానీ వైర్లు కిందికి దించుకోవడానికి వెనకాల గుండ్రటి రంధ్రం ఇస్తారు కదా, దాని ప్లాస్టిక్ రింగు ఊడదీసి లోపల కొలిస్తే 15. అంటే అంచు వెంబడి కింద ఒక పట్టీ అంటించి, పైన నల్లటి ఎడ్జ్ బ్యాండ్ (అంచుని కప్పే సన్నని పట్టీ) వేసి, మందంగా కనబడేలా చేశారన్నమాట. ఆ రంధ్రం గోడని గోటితో గీకితే చెక్కపొడి రాలుతోంది. పైన కార్బన్ ఫైబర్ డిజైన్ అని గొప్పగా చెప్పేది ఉత్త ప్లాస్టిక్ పొర, దానివల్ల బోర్డుకి వచ్చే బలం ఏమీ లేదు.

"100 కిలోలు మోస్తుంది" అన్న మాట చూసి మోసపోకండి. ఆ బరువు బల్లంతా సమానంగా పరిచినప్పటి లెక్క. క్లాంప్ అలా పనిచేయదు, భారమంతా నాలుగు వేళ్ళ వెడల్పు చోట పడుతుంది. 7 కిలోల మానిటర్‌ని క్లాంప్ నుంచి 50 సెంటీమీటర్లు ముందుకు లాగారనుకోండి, క్లాంప్ పట్టు 8 సెంటీమీటర్లే ఉంటే బోర్డుని నలిపే బలం 40 కిలోలు దాటిపోతుంది. స్క్రూ బిగించిన ఒత్తిడి దీనికి అదనం. మంచి ప్లైవుడ్ తట్టుకుంటుంది, మందంగా ఉన్న ఎండీఎఫ్ (సన్నని కలప నారని అదిమి చేసిన బోర్డు) కూడా చాలావరకు తట్టుకుంటుంది. 15 మిల్లీమీటర్ల పార్టికల్ బోర్డు అంటే చెక్కపొట్టు, జిగురు కలిపి అదిమిన ముద్ద, దాని అంచు అయితే తడిసిన బిస్కెట్టులా ఊడొస్తుంది. పైగా ముందు పైపొర మీద చిన్న గీత కనిపిస్తుంది అంతే, కింద వైపు అప్పటికే క్లాంప్ పాదం లోపలికి దిగిపోయి ఉంటుంది. వంగి చూసేవాళ్ళెవరు?

ఇక్కడ నాకు ఒళ్ళు మండింది ఏంటంటే, "ఆర్మ్ పెట్టొచ్చని మేం ఎక్కడా చెప్పలేదు" అన్నారు, వాళ్ళు పెట్టిన ఫోటోలోనేమో అదే డెస్క్ మీద ఆర్మ్‌కి రెండు మానిటర్లు వేలాడుతున్నాయి! నేను ఫిర్యాదు పెట్టాక ఆ ఫోటో తీసేశారు. నా దగ్గర స్క్రీన్‌షాట్ ఉంది కాబట్టి ఇంకా వాదించగలుగుతున్నాను. మీరు కూడా ఆర్డర్ పెట్టే ముందే పేజీ మొత్తం స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.

సీపీయూ స్టాండు సంగతి ఇంకో తమాషా. కాలికి వేలాడదీసిన ఆ అర లోపలి వెడల్పు 20 సెంటీమీటర్లు. మామూలు ఏటీఎక్స్ మిడ్ టవర్లే (మధ్య సైజు పీసీ క్యాబినెట్లే) 21 నుంచి 23 ఉంటాయి, రెండు గదుల క్యాబినెట్ అయితే ఇంకా ఎక్కువ. ఎవరి పీసీ కోసం చేశారో మరి. పట్టినా పెట్టొద్దనే అంటాను, ఎందుకంటే పెద్ద కూలరు, గ్రాఫిక్స్ కార్డు, గాజు పలకలు కలిపి 15 కిలోల దాకా తూగే పెట్టెని మోసేది రెండు చిన్న స్క్రూలు. వెనక, పక్కన మూసేసిన అర అయితే వేడి గాలి బయటికి పోదు, తిరిగి అదే గాలిని ఫ్యాన్లు లోపలికి లాగుతాయి. ఆర్‌టీఎక్స్ 4090 లాంటి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 450 వాట్ల దాకా లాగుతుందని గుర్తుపెట్టుకోండి, ఆ కరెంటంతా చివరికి వేడే. నేనైతే చక్రాల స్టాండు మీద కింద పెట్టాను. అన్నట్టు, లోపల పని చేసేటప్పుడు క్యాబినెట్ గాజు పలకని టైల్స్ నేల మీద ఆనించకండి, అంచు కాస్త తగిలినా టెంపర్డ్ గ్లాస్ మొత్తం ముక్కలు ముక్కలైపోవచ్చు.

డెస్క్‌తో పాటు వచ్చే ప్లగ్గుల పెట్టెకి ఫోను ఛార్జర్ పెట్టుకోండి చాలు. నాకొచ్చిన దాని మీద ఎన్ని ఆంపియర్లో కూడా రాయలేదు, వైరు సన్నగా ఉంది. పీసీ మాత్రం గోడ సాకెట్‌కి గానీ, రేటింగ్ రాసి ఉన్న మంచి సర్జ్ ప్రొటెక్టర్‌కి (కరెంటు ఒక్కసారిగా పెరిగితే కాపాడే ప్లగ్గుల పెట్టెకి) గానీ పెట్టండి. జెడ్ ఆకారం కాళ్ళ మధ్య అడ్డకడ్డీ లేకపోతే మౌస్ గట్టిగా ఊపినప్పుడల్లా తెర వణుకుతుంది. లోతు 60 సెంటీమీటర్లే ఉంటే 27 అంగుళాల మానిటర్ మామూలు స్టాండు మీద మొహం మీదికి వచ్చేస్తుంది. అందుకే ఆర్మ్ కావాలి, ఆర్మ్‌కేమో ఈ బోర్డు ఆగదు!

కొనే ముందు అమ్మేవాళ్ళని ఒక్క ఫోటో అడగండి: వైరు రంధ్రంలో స్కేలు పెట్టి తీసింది. పంపడానికి నీళ్ళు నమిలారంటే వదిలేయండి. ఆర్మ్ క్లాంప్ బిగించొచ్చా అని మెసేజ్‌లోనే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. వెనక అంచు కింద ఇనుప ఫ్రేము ఎంత దూరంలో ఉందో కూడా అడగండి, చాలా డెస్కుల్లో అది సరిగ్గా క్లాంప్ పట్టాల్సిన చోటే అడ్డొస్తుంది. డెలివరీ అయ్యాక ఒక్క స్క్రూ కూడా తిప్పకుండా, పెట్టె తెరిచేటప్పుడే వీడియో తీస్తూ మందం కొలవండి.

ఇలాంటి డెస్క్ ఇప్పటికే వాడుతున్నవాళ్ళు ఈరోజే కిందికి వంగి క్లాంప్ పాదం చుట్టూ చూడండి. గుంట పడి ఉంటే ఆర్మ్ తీసేసి, మానిటర్‌తో వచ్చిన స్టాండే వాడండి. గుంట లేకపోతే పైనా కిందా ఇనుప పలకలు వేసి బిగించండి, మానిటర్ ఆర్మ్‌లకి వేసే బలపరిచే పలకలు సెట్టుగా దొరుకుతాయి, అవి బరువుని వెడల్పుగా పంచుతాయి. పలకలు వేసినా ఆర్మ్‌ని పూర్తిగా ముందుకు లాగి మాత్రం వదిలేయకండి.