పురమందిరంలో పేరిగాడిని చూసిన రాత్రి

నెల్లూరులో ‘ప్రతాపరుద్రీయం’ వేస్తున్నారని తెలియగానే మా మామయ్య సంచి సర్దేసుకున్నారు. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. వేదం వెంకటరాయశాస్త్రి గారు 1897లో రాసిన ఈ నాటకాన్ని ఎన్నో ఏళ్లు పిల్లలకు చదివి వినిపించారు గానీ, రంగం మీద మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఢిల్లీ వాళ్లకు బందీ అయిన కాకతీయ రాజు ప్రతాపరుద్రుడిని మంత్రి యుగంధరుడు ఉపాయంతో విడిపించుకొచ్చే కథ ఇది.

మధ్యాహ్నం ఒంగోలులో ఆర్టీసీ బస్సెక్కి, కావలి మీదుగా సాయంత్రానికల్లా దిగాం. రోడ్డు బాగుంది, మామయ్య నడుముకు ఇబ్బంది రాలేదు. బస విషయంలోనే దెబ్బతిన్నాం. ఏసీ గది అని ఫోన్‌లో చెప్పిన లాడ్జిలో తీరా చూస్తే ఏసీ పనిచేయడం లేదు. డబ్బు ముందే కట్టేయడం నా తప్పు. మీరు వెళితే గది చూశాకే కట్టండి. పక్క వీధి మెస్సులో తిన్న చేపల పులుసు ఆ కోపాన్ని చల్లార్చింది. మామిడికాయ ముక్క పులుపంతా ముక్కలకు పట్టి ఉంది.

నాటకం రేబాల లక్ష్మీనరసారెడ్డి పురమందిరంలో. ఆటోవాళ్లకు టౌన్‌హాల్ అంటే చాలు. ఆరున్నరకన్న ఆట ఏడుంబావుకు మొదలైంది. అద్దెకు తెచ్చిన మైకులు మొదటి అంకమంతా గరగరలాడాయి. మామయ్యకు వినికిడి తక్కువ, టెన్షన్ పడిపోయి ఆయన్ని ముందు వరసకు మార్చాను. పద్యనాటకమైనా వచన నాటకమైనా ముందు వరసే మేలు, నటుల గొంతు నేరుగా చెవిన పడుతుంది.

ఈ నాటకాన్ని నెల్లూరులో చూడటంలో ఒక విశేషం ఉంది. శాస్త్రి గారి నాటకాలు ఆడిన ఆంధ్రభాషాభిమాని సమాజం 1899లో ఈ ఊళ్లోనే పుట్టింది. ఆయన రాజుకూ మంత్రికీ గ్రాంథికం ఇచ్చి, చాకలి పేరిగాడికి వాడి మాటే ఇచ్చారు. పాత్రకు తగ్గ భాష ఉండాలన్నది ఆయన పట్టుదల. దానిమీద అప్పట్లో పెద్ద వాదాలే నడిచాయి. పుస్తకంలో చదివినప్పుడు నాకది ఒక సిద్ధాంతంలా అనిపించింది. హాల్లో పేరిగాడు నోరు తెరవగానే వెనక వరసల్లోంచి వచ్చిన నవ్వు విన్నాక, ఆయన అంతగా ఎందుకు పట్టుబట్టారో తెలిసింది. గ్రాంథికం సాగుతున్నంతసేపూ ఫోన్లు చూసుకున్న కుర్రాళ్లు కూడా తలెత్తారు.

రాజుగారి పోలికలున్నవాడని పేరిగాడిని సింహాసనం ఎక్కిస్తారు గదా, అక్కడ ఆ నటుడు చేసిన పని మరిచిపోలేను. పట్టు ఉత్తరీయం అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా నలిపి చూశాడు, ఇది ఉతుకుకు ఆగుతుందా లేదా అన్నట్టు. మాట లేదు. హాలంతా చప్పట్లు.

మంత్రి యుగంధరుడి వేషం వేసినాయన, శత్రువులను ఏమార్చడానికి పిచ్చివాడిగా నటిస్తూ కేకలు వేసేటప్పుడు కొంచెం అతి చేశారు. అయితే శత్రువులు అటు తిరిగిన క్షణంలో ఆ గిరగిర తిరిగే కళ్లు నిలకడగా ఒక్కచోట ఆగేవి. అప్పుడు మంత్రి కనబడేవాడు.

ఢిల్లీ నుంచి రాజును విడిపించుకొచ్చిన ఘట్టంలో మామయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “నిజంగా తిరిగి రాలేదురా అబ్బయ్యా, నర్మద ఒడ్డునే పోయాడు” అన్నారు. 1323లో ఓరుగల్లు పడిపోయాక బందీగా ఢిల్లీకి తీసుకుపోతుంటే దారిలో నర్మదా తీరాన ప్రతాపరుద్రుడు కన్నుమూశాడని విలస శాసనం చెబుతుంది. చరిత్రలో దక్కని రాకను శాస్త్రి గారు రంగం మీద ఇచ్చారు. అది తెలిసి చూస్తే ఆ చప్పట్లు వేరుగా వినిపిస్తాయి.

ఆట అయ్యాక మామయ్య పట్టుబట్టి తెర వెనక్కి వెళ్లారు. పేరిగాడు రంగు తుడుచుకుంటున్నాడు. “బాబూ, ఆ అంచు నలిపావే, పుస్తకంలో ఉందా అది?” అని అడిగారు.

“లేదు సార్. మా నాయన బట్టల మూట విప్పగానే ముందు అట్టాగే చూసేవాడు.”

మామయ్య అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.