గుర్రాలకు బీరా, లారీలో బీరా: ఏది మేలు?

ఆదివారం సాయంత్రం బుర్రకి పెద్దగా పని చెప్పని యాక్షన్ కామెడీ ఏదైనా చూద్దామని కూర్చుంటే రెండు తేలాయి. రెండింట్లోనూ అమెరికా కంట్రీ (అక్కడి పల్లె బాణీ సంగీతం) సింగర్లే వేషం కట్టారు. ఒకదానికి పేరులో బీరు, ఇంకోదానికి కథలోనే బీరు. 2008లో టోబీ కీత్ హీరోగా వచ్చిన 'బీర్ ఫర్ మై హార్సెస్' ఒకటి, 1977లో జెర్రీ రీడ్ లారీ డ్రైవరుగా చేసిన 'స్మోకీ అండ్ ది బాండిట్' ఇంకొకటి.

టోబీ కీత్‌ది ముందు చూశాను, నిజంగానే ఏ ఆశా లేకుండా. దీనికి మూలం ఒక పాట. టోబీ కీత్, విల్లీ నెల్సన్ కలిసి పాడితే 2003లో కంట్రీ చార్టుల్లో ఆరు వారాలు మొదటి స్థానంలో ఉంది. ఐదేళ్ళ తర్వాత అదే పేరుతో సినిమా. కథ టోబీ కీత్, కమెడియన్ రాడ్నీ కారింగ్టన్ కలిసి రాసుకుని, ఓక్లహోమాలో షెరీఫ్ (అక్కడి స్థానిక పోలీసు అధికారి) కింద పనిచేసే డిప్యూటీలుగా వాళ్ళే వేశారు. హీరో గర్ల్‌ఫ్రెండ్‌ని డ్రగ్స్ ముఠా ఎత్తుకుపోతుంది. షెరీఫ్ మాట కాదని వీళ్ళు బండేసుకుని బయల్దేరతారు. అంతే కథ. దర్శకుడు మైకేల్ సాలమన్ మ్యూజిక్ వీడియోలు తీసిన మనిషి, ఆ సంగతి చెప్పకపోయినా తెలిసిపోతుంది. నాలుగు నిమిషాల సరుకుని గంటన్నర సాగదీశారు. రాక్ గిటారిస్ట్ టెడ్ న్యూజెంట్ మాత్రం నోరు మెదపకుండా విల్లూ బాణాలూ పట్టుకుని తిరుగుతుంటే నాకు నవ్వాగలేదు. విల్లీ నెల్సన్ కూడా కాసేపు కనిపిస్తాడు. పాటలో ఉన్నాడు కాబట్టి సినిమాలోనూ ఉండాలి కదా! టోబీ కీత్ టోబీ కీత్‌లాగే ఉన్నాడు, అభిమానులకి అది చాలు. థియేటర్లలో పది లక్షల డాలర్లు కూడా రాలేదు.

స్మోకీ సంగతి వేరు. మొదట తక్కువ బడ్జెట్‌లో జెర్రీ రీడ్‌నే హీరోగా పెట్టి తీద్దామనుకున్నాడు హాల్ నీడమ్. ఆయన స్టంట్‌మన్, డైరెక్టరుగా ఇదే మొదటి సినిమా. స్క్రిప్టు చదివి అప్పటి పెద్ద స్టార్ బర్ట్ రేనాల్డ్స్ హీరోగా నేను చేస్తాననేసరికి రీడ్ పక్కకి జరిగి లారీ డ్రైవరు 'స్నోమాన్' అయ్యాడు. నా లెక్కలో సినిమాకి కలిసొచ్చింది ఇదే. టెక్సార్కానా వెళ్ళి 400 కేసుల కూర్స్ బీరు ఎక్కించుకుని 28 గంటల్లో అట్లాంటా తిరిగి రావాలని పందెం. ఆ బీరుని అప్పట్లో తూర్పు రాష్ట్రాల్లో అమ్మకూడదు, అందుకే దొంగ రవాణా. ముందు నల్ల పాంటియాక్ ట్రాన్స్ ఆమ్ కారులో రేనాల్డ్స్ పోలీసుల్ని తనవైపు తిప్పుకుంటుంటే, వెనకాల లారీలో రీడ్, పక్క సీట్లో ఫ్రెడ్ అనే చెవులు వేలాడే కుక్క. జాకీ గ్లీసన్ వేసిన షెరీఫ్ కారుకి ముందు తలుపు ఊడుతుంది, తర్వాత టాపు లేచిపోతుంది, అయినా వెంటపడటం ఆపడు. (ఆయన తిట్లు, వెటకారాలు కొన్ని ఇప్పుడు వింటే ఇబ్బందిగానే ఉంటాయి.)

ఒక సీను చెప్తాను. హోటల్లో మోటార్‌సైకిల్ గ్యాంగు రీడ్‌ని చితకబాదుతుంది. ఇక్కడ హీరో అయితే లేచి పదిమందినీ కొట్టాలి. రీడ్ దెబ్బలు తిని, మెల్లగా బయటికొచ్చి లారీ ఎక్కి, వరసగా నిలబెట్టిన వాళ్ళ బళ్ళ మీదుగా పోనిచ్చేస్తాడు. టోబీ కీత్ సినిమా మొత్తం వెతికినా ఇలాంటి సీను నాకు దొరకలేదు. హీరో తనే, రచయిత తనే అయినప్పుడు తన చేత దెబ్బలు తినిపించే వాళ్ళెవరు?

పాటల దగ్గరా అంతే తేడా. అక్కడ పాట కోసం సినిమా తీశారు. ఇక్కడ సినిమా కోసం రీడ్ 'ఈస్ట్ బౌండ్ అండ్ డౌన్' కట్టాడు, లారీ దూసుకెళ్తుంటే అది వెనకాల పరుగెడుతుంది.

పదిమంది చేరి, మధ్యలో కబుర్లు చెప్పుకుంటూ, పకోడీల కోసం లేచి వెళ్ళొచ్చినా ఏమీ మిస్ అవకూడదంటే టోబీ కీత్‌ది పెట్టుకోండి. ఒక్కరే చూస్తుంటే మాత్రం స్మోకీయే. నేను ఆ మోటార్‌సైకిళ్ళ సీను వెనక్కి తిప్పి రెండుసార్లు చూశాను.